మురుగుకాలువ వెంట సాగే చూపు

ఇప్పటికీ మిగిలిన తొలి వీధి ఫొటోల్లో ఒకటి 1838 నాటిది. ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన డాగెర్ పారిస్‌లో ఎత్తైన కిటికీ దగ్గర కెమెరా పెట్టి, కింద ఉన్న బూల్‌వార్ద్ ద్యు తాంప్ల్‌ను తీశాడు. పలక మీద బొమ్మ పడడానికి నిమిషాలు పట్టేది. బళ్లూ జనమూ ఆనవాలు లేకుండా పోయారు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలక నిలబడ్డ మనిషి మాత్రం మిగిలాడు. డాగెర్ నాటకాలకు తెరలు చిత్రించినవాడు. దూరం పోయేకొద్దీ గీతలు దగ్గరపడాలన్న సూత్రం ఆయనకు కొట్టినపిండి.

మేడ మీది చూపును నేలకు దించినవాళ్లలో షార్ల్ మార్విల్‌ది నా దృష్టిలో మొదటి పీట. ఈయనా చిత్రకారుడే. పుస్తకాలకు బొమ్మలు గీసి, 1850 ప్రాంతంలో కెమెరా పట్టాడు. కొన్నేళ్లకు నగర పాలనాధికారి ఓస్మాన్ పాత పారిస్‌ను కూల్చి వెడల్పు రోడ్లు వేయించసాగాడు. పోబోయే వీధులను ఫొటోలు తీసే పనిని 1860ల్లో నగరపాలక యంత్రాంగం మార్విల్‌కు అప్పగించింది. ఆయన 425కు పైగా తీశాడు.

అప్పట్లో గాజుపలకకు మందు పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి కడిగేయాల్సి వచ్చేది. కెమెరాను పైకెత్తితే గోడలు వెనక్కి వాలినట్టు కనిపిస్తాయి. మట్టంగా పెడితే నిటారుగా నిలుస్తాయి కానీ, ముందున్న నేల చాలా మేరకు ఫొటోలోకి వచ్చేస్తుంది. మార్విల్ ప్రతిభంతా ఆ నేలలోనే ఉంది. పాత పారిస్ సందుల్లో మురుగుకాలువ నడివీధిలోనే పారేది. కెమెరాను కిందికి దించి, ఆ కాలువనే బొమ్మకు వెన్నెముకగా చేశాడు. తడిరాళ్ల మీద వెలుగు మెరుస్తుంటే మన చూపు దాని వెంటే లోపలికి నడుస్తుంది. ఆకాశం నీలిరంగుకు ఆ మందు అతిగా స్పందించేది కాబట్టి, ఇళ్ల నడుమ పైన తెల్లటి చీలిక ఒక్కటే మిగిలేది.

ఈ వీధులు ఎందుకు కూల్చాలో చెప్పడానికి ఆ మురుగే సాక్ష్యమని అధికారులు అనుకుని ఉండవచ్చు. నాకు మాత్రం అంత శ్రద్ధగా వెలుగు పట్టిన చెయ్యి ఆ సందులను అసహ్యించుకున్నదని అనిపించదు.

1878 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఈ పాత వీధుల పక్కనే కొత్త రోడ్ల ఫొటోలూ పెట్టారు. అవీ మార్విల్ తీసినవే. పాతవాటిలో ఏదో ఒక మలుపు దగ్గర ఎవరి ఇంటి గోడో అడ్డొచ్చి చూపు ఆగుతుంది. కొత్తవాటిలో దీపస్తంభాల వరుస వెంట, అడ్డేమీ లేక, చివరికంటా వెళ్లిపోతుంది.