సర్టిఫికెట్టుతో ఆగని గురువులు

టీచరు ట్రైనింగులో ఉన్న పిల్లలు ప్రతి ఏటా మా బడికి పాఠాలు చెప్పటానికి వస్తూ ఉంటారు. “ట్రైనింగు అయ్యాక ఏం చేస్తారు?” అని అడిగితే చాలామంది “డి.ఎస్సీ. రాస్తాం సార్” అంటారు. అందులో తప్పు లేదు. మేమూ ఆ దారినే వచ్చినవాళ్లం. కాని ఎప్పుడో ఒకరు “మా మొహల్లాలో బడి పెడతాను సార్” అంటారు. వారిచేత ఆ మాట అనిపించేది ఏమిటి? జవాబు కోసం పూణె చరిత్ర చూడవలె.

సావిత్రీబాయి ఫూలే గారు 1831లో జన్మించారు. పెండ్లినాటికి ఆమెకు అక్షరం రాదు. భర్త జోతీరావు గారు ఇంట్లోనే చదువు నేర్పారు. అహమద్‌నగర్‌లోను, పూణెలోను ఆమె ఉపాధ్యాయ శిక్షణ పొందారు. 1848లో పూణె భిడేవాడాలో ఆ దంపతులు బాలికల బడి తెరిచారు. తనకు లేకపోయిన చదువు ఇతరులకు అందాలన్న తపన మొదటి కారణం.

రెండవది, కళ్లారా చూడటం. అహమద్‌నగర్‌లో మిషనరీలు నడిపే బాలికల బడిని జోతీరావు గారు స్వయంగా చూశారు. ఒకచోట జరిగిన పని మనచోట ఎందుకు జరగదు అన్న ధైర్యం అలాగే వస్తుంది.

మూడవది, అండ. బడి పెట్టిన పాపానికి 1849లో తండ్రి ఇల్లు విడిచి పోవలసి వస్తే, ఆ దంపతులకు నీడనిచ్చినది ఉస్మాన్ షేక్ గారు. ఫాతిమా షేక్ గారు ఆయన సోదరి అంటారు. 1856లో జబ్బుపడి పుట్టింట ఉన్న సావిత్రీబాయి గారు భర్తకు రాసిన ఉత్తరంలో, ఫాతిమాకు ఇబ్బంది కలుగుతూ ఉంటుందని రాశారు. దారిలో రాళ్లు, పేడ పడినా ఆ బడి ఆగలేదంటే ఇటువంటి తోడు వల్లనే.

అయితే 1857 తిరుగుబాటు తర్వాత తెల్లవారి చందాలు తగ్గి ఆ బడులు ఇక్కట్ల పాలైనవి. తపన ఎంత ఉన్నా, డబ్బు లేనిదే బడి నడవదు గదా! అయినా సావిత్రీబాయి గారు ఖిద్మత్ మానలేదు. 1897లో ప్లేగు రోగులకు సేవ చేస్తూ, అదే రోగంతో కన్నుమూశారు.

సొసైటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. మన మొహల్లాలో పదవ తరగతితో చదువు ఆపేసిన ఆడపిల్లలు ఉన్నారు. ట్రైనింగు పూర్తయి ఖాళీగా ఉన్న మన బిడ్డలూ ఉన్నారు. సాయంత్రం రెండు గంటలకు ఒక గది, నెలనెలా కొద్దిపాటి చందా ఇస్తే ఈ ఇద్దరూ కలుస్తారు. సావిత్రీబాయిలు, ఫాతిమాలు మన ఇండ్లలోనే ఉన్నారు. తలుపు తీయవలసిన ఉస్మాన్ షేక్‌లు మాత్రం మనమే.