సరస్వతి ఆకు – ఓచరు లేని పద్దు

రక్షణ శాఖ లెక్కల విభాగంలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. ఓచరు లేని పద్దును ఒప్పుకోకపోవడం నాకు అలవాటైపోయింది.

మా చెల్లెలి మనవడికి ఏడేళ్లు. కుదురుగా కూర్చోడు, తోటి పిల్లలతో కలవడు. పిల్లల మానసిక వైద్యుడికి చూపించమని బడిలో చెప్పారు. "ఇంగ్లీషు మందులెందుకు అన్నయ్యా, సరస్వతి లేహ్యం వేల ఏళ్ల నాటిది కదా!" అంది మా చెల్లెలు. సరే, ఆ వేల ఏళ్ల లెక్కే చూద్దామనుకున్నాను.

చరక సంహిత చికిత్సాస్థానం మొదటి అధ్యాయంలో నాలుగు మేధ్య రసాయనాలున్నాయి: మండూకపర్ణి, యష్టిమధుకం, తిప్పతీగ, శంఖపుష్పి. అవి బుద్ధికి, ఆయుష్షుకు, బలానికి అని చెప్పారు. కుదురులేని పిల్లల ప్రస్తావన ఆ శ్లోకాల్లో లేదు. మన సరస్వతి ఆకు ఈ మండూకపర్ణే. ఉత్తరాదిలో చాలాచోట్ల దీన్నే బ్రాహ్మి అంటారు. కేరళలో బ్రాహ్మి అంటే వేరే మొక్క, తడి నేలల్లో పెరిగే బకోపా. ఒకే పేరు మీద రెండు ఖాతాలన్నమాట!

లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1960లలో బకోపా నుంచి బేకోసైడ్లను వేరుచేశారు. తర్వాత పెద్దవాళ్లపై జరిగిన కొన్ని పరీక్షల్లో జ్ఞాపకశక్తికి కొంత మేలు కనిపించింది. ఇది జమ వైపు రాయాల్సిందే. మరి పిల్లల సంగతి? ఏకాగ్రత లేని, అతి చురుకుదనం ఉన్న 6 నుంచి 14 ఏళ్ల మగపిల్లలకు ఆస్ట్రేలియాలో 14 వారాలు బకోపా ఇచ్చి చూశారు. ఫలితాలు 2022లో వచ్చాయి. ప్రవర్తనలో ఉత్తుత్తి మాత్రలకూ దానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. నిద్ర వంటి కొన్నిటిలో మాత్రం కొంత మెరుగు కనిపించింది.

ఖర్చు వైపు కూడా చూడాలి. అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో అమ్ముతున్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ దొరికాయని 2004లో ప్రచురించారు. సీసం పిల్లల ఏకాగ్రతనే దెబ్బతీస్తుంది. ఏ లోపం పోవాలని తినిపిస్తామో అదే పెరగవచ్చు!

చెల్లెలు మొహం ముడుచుకుంది గానీ చివరికి పిల్లవాణ్ణి చూపించారు. డాక్టరు వెంటనే మందేమీ రాయలేదు. వాడితో ఎలా మెలగాలో ముందు తల్లిదండ్రులకు నేర్పించారు. ఇప్పుడు పూటకు పది నిమిషాలు కూర్చుని చదువుతున్నాడు.

లేహ్యం మీద పెట్టిన డబ్బు పెద్ద లెక్క కాదు. దాన్ని నమ్ముకుని పోగొట్టుకున్న ఎనిమిది నెలలను ఏ పద్దులో రాయాలి?