నల్లమల: ఆకురాల్చే అడవి, దాని జీవద్రవ్యరాశి

కృష్ణా, పెన్నా నదుల నడుమ తూర్పు కనుమల్లో పరచుకున్న నల్లమల ప్రధానంగా ఆకురాల్చే అడవి. నల్లమద్ది, ఏగిస, చిరుమాను, తునికి ఇక్కడి ముఖ్య వృక్షాలు.

జీవద్రవ్యరాశి, అంటే అడవిలోని మొత్తం జీవపదార్థం, ఎక్కువగా పెరిగేది వానాకాలంలోనే. నేలలో తేమ తగ్గాక చెట్లు ఆకుల్లోని నత్రజని, భాస్వరాలను కొంతమేర కొమ్మల్లోకి లాక్కుని, ఆ తర్వాతే ఆకు రాలుస్తాయి, పొదుపరి సంసారమే! రాలిన ఆకును చెదలు, శిలీంధ్రాలు కుళ్లబెట్టి మళ్లీ నేలకు ఎరువుగా అందిస్తాయి. వేసవి కార్చిచ్చు ఈ లెక్కనంతా తారుమారు చేస్తుంది: ఆకుల్లో మిగిలిన నత్రజని చాలావరకు పొగతో గాలిలో కలుస్తుంది, లేత మొలకలు మాడిపోతాయి.

మోడుగా కనిపించినా ఎండాకాలపు అడవి పస్తులుండదు. ఇప్పపూలు రాలేది అప్పుడే. ఎలుగుబంట్లు, దుప్పులు వాటికోసం చెట్ల కిందికి చేరతాయి.

1983లో ఇక్కడి నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం పులుల సంరక్షణ పథకమైన ప్రాజెక్ట్ టైగర్‌లో చేరింది. పులికి ఆహారమైన దుప్పి, కణుజులను పోషించేది ఈ అడవి గడ్డీ ఆకులే.