ఓడినవాళ్లు తిరిగొచ్చే పార్టీ

పోర్చుగల్‌లో సోషల్ డెమొక్రాటిక్ పార్టీ, పేరు ఎలా ఉన్నా, వామపక్షం కాదు. మధ్యస్థ కుడిపక్షానికి యాభై ఏళ్లుగా పెద్దదిక్కు అదే. 1974 ఏప్రిల్ 25న సైనికాధికారుల తిరుగుబాటుతో నియంతృత్వం కూలింది. రెండు వారాలు తిరక్కుండానే, మే 6న, సా కార్నేరో, బాల్సెమావో, మగల్యాయిస్ మోటా ఈ పార్టీని ప్రకటించారు. ముగ్గురూ నియంత హయాంలోని సభలోనే కూర్చుని సంస్కరణల కోసం పట్టుబట్టినవాళ్లు. విప్లవం వేడిలో ‘కుడి’ అని చెప్పుకోవడానికి జనం జంకే రోజులవి. పాపులర్ డెమొక్రాటిక్ పార్టీగా మొదలై, 1976లో ఇప్పటి పేరు పెట్టుకుంది.

నాయకత్వం కోసం పోట్లాట పుట్టుకతోనే వచ్చింది. సా కార్నేరో 1977 చివర్లో అధ్యక్ష పదవి వదిలేసి, మరుసటి ఏడాదే తిరిగొచ్చారు. ఆయన పోకడ గిట్టక 1979లో పార్టీ ఎంపీల్లో సుమారు సగంమంది బయటికి వెళ్లిపోయారు. ఆయన వెనక్కి తగ్గలేదు. మరో రెండు పార్టీలతో డెమొక్రాటిక్ అలయన్స్ కట్టి, ఆ ఏడాది డిసెంబరు ఎన్నికల్లో గెలిచి, ప్రధాని అయ్యారు. ఏడాది తిరిగేసరికి, 1980 డిసెంబరు 4న, లిస్బన్ విమానాశ్రయం నుంచి లేచిన చిన్న సెస్నా విమానం పక్కనే ఉన్న కమరాతేలో కూలి, ఆయన రక్షణ మంత్రితో సహా మరణించారు. పార్టీ ఆ లోటు నుంచి చాలాకాలం తేరుకోలేదనే నా అభిప్రాయం.

1985 మేలో ఫిగేరా ద ఫోజ్ అనే సముద్రతీర పట్టణంలో జరిగిన మహాసభను ఇప్పటికీ అక్కడ కథలుగా చెప్పుకుంటారు. కొత్త సిట్రోయెన్ కారు ఇంజిన్ కుదురుకోవాలని అంతదూరం నడుపుకుంటూ వచ్చానన్న మాట కవాకో సిల్వాకు అతుక్కుపోయింది. అంత అమాయకపు ప్రయాణమని నేను నమ్మను. సా కార్నేరో దగ్గర ఆర్థిక మంత్రిగా చేసిన ఆ ప్రొఫెసర్, సీనియర్లు మద్దతిచ్చిన జువావో సల్గేరోను ఓడించి అధ్యక్షుడయ్యారు. వెంటనే సోషలిస్టులతో అప్పటికే ఉన్న పొత్తు తెంచేశారు. 1987, 1991 ఎన్నికల్లో రెండుసార్లూ సగానికి పైగా ఓట్లు తెచ్చారు. ఆ పార్టీ ఆ స్థాయిని మళ్లీ చూడలేదు.

ఆయన తప్పుకున్నాక బయటపడిన లక్షణం ఒకటుంది: ఇక్కడ ఓడినవాడికి తలుపులు మూసుకుపోవు. 1995లో పార్టీ అధ్యక్ష పోటీలో నొగేరా చేతిలో స్వల్ప తేడాతో ఓడిన దురావో బరోసో 1999లో అధ్యక్షుడై, 2002లో ప్రధాని అయ్యారు. 2006 నుంచి మహాసభ ప్రతినిధుల బదులు సభ్యులే నేరుగా ఓటేస్తున్నారు. చందా కట్టినవాళ్లకే ఓటు కాబట్టి, పోటీ వచ్చిందంటే ఎవరి బకాయిలు ఎవరు కడుతున్నారన్న గొడవా వెంటే వస్తుంది. 2008లో ఫెరేరా లైట్ చేతిలో ఓడిన పాసోస్ కొయెలో 2010లో గెలిచి, మరుసటి ఏడాది ప్రధాని అయ్యారు. 78 బిలియన్ యూరోల అంతర్జాతీయ రుణానికి తలొగ్గి చేసిన కోతల భారం మోయాల్సి వచ్చింది ఆయనే. 2020లో రుయి రియో చేతిలో రెండో రౌండులో ఓడిన లూయీస్ మాంటెనెగ్రో, 2022లో అధ్యక్షుడై, 2024లో ప్రధాని అయ్యారు.

అలిగి బయటికి పోయినవాళ్లు మాత్రం నిలదొక్కుకోలేదు. మాజీ ప్రధాని సంతానా లోపెస్ 2018లో అధ్యక్ష పోటీలో ఓడి సొంత పార్టీ పెడితే, మరుసటి ఏడాది ఒక్క సీటూ రాలేదు. ఆండ్రే వెంచురాది వేరే దారి. 2017లో ఇదే పార్టీ తరఫున లౌరెస్ మేయర్ పదవికి పోటీచేసిన ఈయన, బయటికి వెళ్లి 2019లో షేగా అనే తీవ్ర కుడిపక్ష పార్టీ పెట్టారు. ఆ పార్టీ బలం ఆ ఏడాది ఒక సీటు, 2022లో 12, 2024లో 50, 2025లో 60.

2024 సెప్టెంబరులో మాంటెనెగ్రో పోటీదారు లేకుండానే మళ్లీ అధ్యక్షుడయ్యారు. పార్టీ లోపల అంత నిశ్శబ్దం ఎప్పుడోగానీ కనిపించదు. కుడిపక్షపు తగువు ఇప్పుడు పార్లమెంటులోకి మారింది. 2025 మేలో ఆయన కూటమి 230 సీట్లలో 91 గెలిచింది. ఏ బిల్లు నెగ్గాలన్నా సోషలిస్టులో, షేగానో కాదనకుండా చూసుకోవాలి.