పెరటి పిట్టల పద్దు

పూర్వం అమెరికాలో క్రిస్మస్ నాడు జట్లుగా చేరి పక్షులను కాల్చడం ఒక వినోదం. ఎక్కువ చంపినవారిదే గెలుపు. చంపడం మాని లెక్కించమని 1900లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు ప్రతిపాదించాడు. ఆ ఏడు లెక్కించినవారు 27 మంది మాత్రమే.

1998లో కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల, ఆడుబాన్ సంస్థ కలిసి చలికాలం చివర, ఫిబ్రవరిలో, పెరటి పక్షుల లెక్కను ఆరంభించాయి. 2013లో అది ప్రపంచమంతటికీ విస్తరించింది. పదిహేను నిమిషాలు చూసి, కనబడినవి రాస్తే చాలు.

1970 తరువాత ఉత్తర అమెరికాలో దాదాపు 300 కోట్ల పక్షులు తగ్గాయని 2019లో శాస్త్రజ్ఞులు తేల్చారు. వారి ఆధారాలలో చాప్‌మన్ మొదలుపెట్టిన లెక్క కూడా ఒకటి. తగ్గినవాటిలో మామూలు పిట్టలే అధికం.

అందుకే మాఘమాసంలో మా పెరటి గోరింకలను, పిచ్చుకలను నేనూ లెక్క రాసిపెడుతున్నాను. అరుదైన పక్షి ఒక్కసారి వచ్చినా గుర్తుంటుంది. రోజూ వచ్చే పిట్ట రావడం మానితే, పద్దు లేనిదే ఎవరికి తెలుస్తుంది?