సంపాదకుని సందేహం – రోగి ప్రాణం



అమీర్‌పేట నుండి పంజగుట్టకు వెళ్ళేవారిలో నిమ్స్ ఆసుపత్రిని ఎరుగనివారుండరు. అక్కడి వైద్యుల పరిశోధనలైనా సరే, ఏదో ఒక వైద్య పత్రిక సంపాదకుడు అంగీకరించిన తరువాతనే లోకానికి చేరుతాయి. ఆ సంపాదకుడు ఏ తీరున ఆలోచిస్తాడన్నది ఎంత ముఖ్యమో చెప్పడానికి మన నగర చరిత్రలోనే రెండు నిదర్శనాలున్నాయి.

మొదటిది క్లోరోఫారమ్ కథ. మత్తులో ముందుగా ఆగేది శ్వాసేనని, గుండె కాదని, కనుక శ్వాసను కనిపెట్టి ఉంటే చాలునని రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ నమ్మకం. 1888లో హైదరాబాదులో ఆయన ఏర్పాటు చేసిన సంఘం కుక్కలపై ప్రయోగాలు చేసి అదే తేల్చింది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అప్పుడు ఆరవ నిజాం ప్రభుత్వం వెయ్యి పౌండ్లు ఇవ్వజూపి, మీ ప్రతినిధినే పంపి చూసుకోమన్నది. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందలాది జంతువులపై మళ్ళీ ప్రయోగాలు జరిగాయి. లారీ మాటే నిజమని తేల్చిన నివేదికను 1890లో లాన్సెట్ ప్రచురించింది.

అయినా సత్యం పూర్తిగా తేలలేదు. ఆ ప్రయోగాలలో ఎక్కువగా పరీక్షించినది మోతాదు మించిన మత్తును. తేలికపాటి మత్తులో గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై నిరూపించాడు. సంపాదకుని సందేహం మంచిదే; అయితే ఆ సందేహం ఫలితాన్ని శంకించినంతగా ప్రశ్నను శంకించలేదు. నాడిని పట్టించుకోనక్కరలేదన్న ధీమాకు మూల్యం చెల్లించేది బల్లపై పడుకున్న రోగి.

రెండవది పంజగుట్ట పక్కనే ఉన్న బేగంపేటలో జరిగింది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి ఉన్న కణాలను చూశాడు. ఆధారం రెండే రెండు దోమలు. బ్రిటిష్ మెడికల్ జర్నల్ సంపాదకుడు ఎర్నెస్ట్ హార్ట్ వ్యాసాలను నిపుణులకు పంపి అభిప్రాయం తీసుకునే పద్ధతిని పాటించినవాడు. డిసెంబరు 18న రాస్ వ్యాసం, రెండు దోమలన్న మాట శీర్షికలోనే ఉండగా, మాన్సన్ మొదలైనవారి పరిశీలనలతో కలిసి వెలువడింది. చెప్పినది కొంచెమే, ఆ కొంచెమెంతో దాచలేదు. మరుసటి ఏడు పక్షుల మలేరియాపై కలకత్తాలో రాస్ మిగిలిన దారిని నిరూపించాడు.

నేడు శస్త్రచికిత్సలో శ్వాసనూ గుండె లయనూ రెంటినీ ఎడతెగక గమనిస్తున్నాము. కనుక మిత్రులారా, “పరిశోధనలో తేలింది” అన్న వార్త మీ ఫోనుకు వచ్చినప్పుడు పత్రిక పేరు చూసి ఆగిపోకండి. ఎందరిపై చేశారు? అసలు ఏ ప్రశ్న అడిగారు? వేరొకరు వేరొక పద్ధతిలో చూసినా అదే తేలిందా? ఈ మూడూ తెలిసేవరకు, వాడుతున్న మందును మీ వైద్యుని అడగకుండా మానవద్దు, మార్చవద్దు.