విద్యాధరి విడిచిన నీటిలో ఋతుచక్రం

కోల్‌కతాకు తూర్పున సాల్ట్ లేక్ అని పిలువబడే ఉపనగరానికి ఆ పేరులోని ఉప్పును ప్రసాదించినది విద్యాధరి నది. సముద్రపు పోటు ఈ నది వెంట ఎగువకు పాకి తంపర నేలలను ముంచెత్తేది. ఆ నీటితోపాటే పండుగప్ప వంటి ఉప్పునీటి చేపలు వచ్చిచేరేవి. నాడు అచటి జీవరాశికి పంచాంగం నది పోటుపాటులే.

నానాటికీ మేట వేసి, 1928 నాటికి విద్యాధరి మృతనదిగా ప్రకటింపబడినది. అయినను ఋతుచక్రం ఆగలేదు. దానిని నడిపే బాధ్యత మత్స్యకారులపై పడినది. నగరపు మురుగునీటిని ‘భేరీలు’ అనే లోతులేని చెరువులలోకి మళ్ళించి, ఎండకు పెరిగే నాచుతో రోహు, కట్ల, మృగాల చేపలను వారు పెంచసాగారు. చలికాలంలో భేరీ నీటిని తోడి అడుగును ఎండగట్టుట వారి ఆనవాయితీ. ఆ బురదలో పురుగులు, మిగిలిన చిరుచేపలు బయటపడగానే కొంగలు, ఉల్లంకి పిట్టలు గుంపులుగా దిగుతాయి. ఉత్తరాది నుండి సూదితోక బాతులు వచ్చేదీ ఈ కాలంలోనే. పిదప మురుగునీరు వదలి చేపపిల్లలను విడుస్తారు. అలల తాకిడికి గట్లు కోసుకుపోకుండా అంచున పెంచే గుర్రపుడెక్క వర్షాకాలంలో నీటికోళ్ళకు ఆశ్రయమవుతుంది. ఇతర చోట్ల శత్రువుగా చూచే మొక్క ఇచట కాపలాదారు కావడం విశేషమే!

ముఖ్యమంత్రి డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ సంకల్పించిన ఉపనగర నిర్మాణం 1962లో ఆరంభమైనది. నగరంలో ఇళ్ళ కొరత నిజమైనది కావున ఆ సంకల్పాన్ని తప్పుపట్టుట తేలిక కాదు. యుగోస్లావియా సంస్థ ఒకటి హుగ్లీ నది ఒండ్రును నీటితో కలిపి గొట్టాల ద్వారా పంపి భేరీలను పూడ్చినది. ఆ పూడిక సాగుతుండగానే, 1965లో, జంతుశాస్త్రజ్ఞుడు ఆర్. కె. ఘోష్ ఇచటి నల్‌బన్ ప్రాంతపు తంపర ముంగిసను కొత్త జాతిగా వర్ణించి శాస్త్రనామం పెట్టారు. నివాసం కరిగిపోతున్న వేళ దానికి పేరు దక్కినది. అది చిన్న ముంగిస జాతిలోనిదేనని తరువాతి పరిశోధకులు పలువురు భావించారు. రెల్లు అంచులు, నత్తలు, చేపలు లేనిదే దాని బ్రతుకు సాగదన్న విషయం మాత్రం మారలేదు.

మిగిలిన భేరీలను పూడ్చరాదని 1992లో కలకత్తా హైకోర్టు తీర్పునిచ్చినది. ధ్రువజ్యోతి ఘోష్ దశాబ్దాల కృషి ఫలించి, 2002లో తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు 12,500 హెక్టార్ల మేర రామ్‌సర్ జాబితాకెక్కాయి. ఉపనగరం అంచున నల్‌బన్ నీరు మిగిలినది. విద్యాధరి పోటు మాత్రం తిరిగి రాలేదు.